వణుకుడు జబ్బూ, ఒంటిలోని గడియారమూ

(సంఘ వార్షిక సభలో గాంధీనగర్‌లో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ ఏడు సభలో ఆరోగ్యమును గూర్చి ఒక ప్రసంగం ఉండాలని కార్యవర్గం వారు తలచి ఆ పని మాకు అప్పగించారు. మేము డాక్టర్లము కాము. పిల్లలకు ఉర్దూలో పాఠాలు చెప్పుకొనే పంతుళ్ళము. కాబట్టి మేము చెప్పబోయేది వైద్యం కాదు. చదివి, తెలిసినవారిని అడిగి, అర్థం చేసుకున్నంతవరకు మీ ముందు పెడుతున్నాము. మా తెలుగులో నడుమనడుమ ఉర్దూ మాటలు దొర్లితే మన్నించండి.

విషయం ఏమిటంటే వణుకుడు జబ్బు. దీన్ని ఇంగ్లీషు వైద్యంలో పార్కిన్సన్స్ వ్యాధి అంటారు. మన హకీములు వణుకును రాషా అంటారు. ఆయుర్వేదంలో కంపవాతమన్న పేరుంది. చేయి వణకటం, నడక నెమ్మదించటం, కండరాలు బిగుసుకుపోవటం, ముఖంలో కళ తగ్గటం, చేవ్రాత చిన్నదైపోవటం, ఇవన్నీ బయటికి కనిపించేవి. వీటిని గూర్చి మీలో చాలామందికి తెలుసు. మేము ఈ పూట మాట్లాడదలచినది ఈ జబ్బు రాత్రులను గూర్చి. ఎందుకంటే ఇంట్లోవాళ్ళను అలసట పెట్టేది వణుకు కాదు, రాత్రి. చేయి వణికే మామగారికి బువ్వ తినిపించడానికి విసుక్కోని కోడలు కూడా, ఆయన రాత్రి రెండింటికి లేచి తలుపు గడియ తీయబోతూ, పగలు పదింటికి కుర్చీలో గురకపెడుతూ ఉంటే, నెల తిరిగేసరికి విసిగిపోతుంది. ఆమె తప్పు లేదు. తెల్లవారితే టిఫిను డబ్బాలు కట్టవలసింది ఆమే గదా. అయితే ఆ పెద్దాయన తప్పు కూడా లేదని చెప్పడానికే మేమిక్కడ నిలబడ్డాము. "పగలంతా పడుకుంటాడు, అందుకే రాత్రి నిద్రపట్టదు, కావాలని చేస్తున్నాడు" అనే మాట మన బస్తీలలో విన్నాము. మొదటి సగంలో కొంత నిజముంది. చివరి మాట మాత్రం అన్యాయం.

ముందు జబ్బును గూర్చి రెండు ముక్కలు. 1817లో లండనులో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆరుగురు రోగులను గూర్చి రాస్తే వారిలో కొందరు ఆయన వీధిలో చూసినవారే. వణుకు వలన నిద్ర చెడిపోతుందన్న సంగతి ఆనాడే ఆయన గుర్తించాడు. జబ్బు ముదిరితే నిద్రలో కూడా అవస్థేనని రాశాడు. కాని ఆ తరువాత నూరేళ్ళకు పైగా వైద్యుల చూపంతా చేతుల మీద, కాళ్ళ మీదనే నిలిచిపోయింది. మెదడు అడుగుభాగంలో నల్లగా ఉండే ఒక చోట కొన్ని కణాలు డోపమిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. మన కదలికలు సాఫీగా సాగాలంటే అది కావాలి. ఆ కణాలు మెల్లమెల్లగా చచ్చిపోవటమే ఈ జబ్బు. చేయి వణికే నాటికి వాటిలో చాలా భాగం పోయి ఉంటాయి. ముహమ్మద్ అలీ పేరు విననివారు మనలో ఉండరు. ప్రపంచాన్ని గుద్దులతో గెలిచిన ఆ మనిషికి 1984లో, 42 ఏళ్ళ వయసులో, ఈ జబ్బు ఉందని తేల్చారు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతిని వణికే చేత్తో వెలిగించినప్పుడు లోకమంతా చూసింది. 2016లో ఆయన కన్నుమూశాడు. 32 ఏళ్ళు ఈ జబ్బుతో బ్రతికాడన్న మాట. జబ్బు ఉందనగానే "ఇంకేముంది" అని చేతులు దులుపుకొనేవారికి ఈ లెక్క చెప్పండి.

దీనికి మందు లెవోడోపా. మన రోగులకు సిండోపా వంటి పేర్లతో తెలుసు. మెదడులోకి వెళ్ళి డోపమిన్‌గా మారుతుంది. ఈ లెవోడోపా మన చేలగట్ల మీద, అడవులలో పాకే దూలగొండి గింజలలో కూడా ఉంది. ముట్టుకుంటే దురదపెట్టే ఆ కాయే. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ గింజల నుండి దానిని వేరుచేసి చూపారు. ఇది మందుగా మారటానికి మరో 30 ఏళ్ళు పట్టింది. ఇది విని రేపే దూలగొండి పొడి కొనుక్కొచ్చేవారు ఉండవచ్చు. అలా చేయకండి. ఒక గింజలో ఎంత ఉందో మనకు తెలియదు. డాక్టరు ఇచ్చే మాత్రకు తోడు ఇది కూడా పడితే మోతాదు ఎక్కడికి పోతుందో చెప్పలేము.

ఇక గడియారం సంగతి.

మసీదు గోడ మీద నమాజు వేళల పట్టిక చూశారు గదా. ఫజర్ నుండి ఇషా వరకు వేళలన్నీ సూర్యుణ్ణి బట్టి రోజురోజుకు జరుగుతూ ఉంటాయి. మన హైదరాబాదులో జూన్ నెలలో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11 గంటలు. అల్లా సూర్యుణ్ణి ఇలా నడిపిస్తుంటే మన ఒంటిలో కూడా దానితో జతగా నడిచే ఒక గడియారాన్ని పెట్టాడు. 1729లో ఫ్రాన్సు దేశంలో ఒకాయన అత్తిపత్తి మొక్కను చీకటిలో పెట్టి చూశాడు. వెలుగు లేకపోయినా పగటివేళకు ఆకులు విచ్చుకున్నాయి, రాత్రివేళకు ముడుచుకున్నాయి. అంటే వేళ తెలియటానికి మొక్కకు సూర్యుడు అక్కరలేదు, లోపలే ఒక లెక్క ఉంది. మనిషిలోనూ అంతే. కళ్ళ నరాలు మెదడులో ఒకదానినొకటి దాటే చోటికి కొంచెం పైన, సుమారు 20 వేల కణాల చిన్న ముద్ద ఉంది. మోజంజాహీ మార్కెట్ మీది పెద్ద గడియారం లాంటిది అది. గుండె, కాలేయం, పొట్ట, కండరాలు అన్నిటిలోనూ చిన్న గడియారాలున్నాయి. మార్కెట్టులో దుకాణదారులు తలెత్తి పెద్ద గడియారం చూసి తమ గడియారం సరిచేసుకున్నట్టు, ఇవన్నీ దానిని చూసి సరిచేసుకుంటాయి. ఈ గడియారాన్ని తిప్పే జన్యువులను పండ్ల మీద వాలే చిన్న ఈగలలో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ పెద్ద గడియారం సరిగ్గా 24 గంటలకు తిరగదు. చాలామందిలో కొన్ని నిమిషాలు ఎక్కువే తీసుకుంటుంది. కాబట్టి ప్రతిరోజూ దానికి కీ ఇవ్వాలి. ఆ కీ ఉదయపు వెలుగు. కంటిలో చూపుకు పనికివచ్చే కణాలు గాక, వెలుగు ఎంత ఉందో కొలిచి గడియారానికి చెప్పే కణాలు వేరే ఉన్నాయి. పార్కిన్సన్స్‌తో చనిపోయినవారి కళ్ళను పరీక్షించినప్పుడు ఈ కణాలు తక్కువగా కనిపించాయి. కంటి తెరలో కూడా డోపమిన్ ఉంటుంది, పగటి పని దానిది. అది కూడా ఈ జబ్బులో తగ్గుతుంది. దీనికి తోడు ముసలితనంలో కంటికి పొర. ఇన్ని అడ్డాలు దాటి వెలుగు లోపలికి పోవాలి. మన పెద్దవాళ్ళేమో కిటికీ లేని గదిలో, మూలమంచం మీద, ఒక ట్యూబులైటు కింద రోజంతా గడుపుతారు. ట్యూబులైటు గదిలో వెలుగు కొన్ని వందల లక్సులు మించదు. బయట నీడలో నిలబడినా అది పది వేల దాకా ఉంటుంది. మన కంటికి ఈ తేడా అంతగా తెలియదు, గడియారానికి తెలుస్తుంది.

చీకటి పడ్డాక ఆ గడియారం పీనియల్ అనే చిన్న గ్రంథికి కబురు పంపుతుంది. గింజంత గ్రంథి. అది మెలటోనిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతుంది. రాత్రి పెరిగి, నడిరేయి దాటాక హెచ్చుస్థాయికి చేరి, తెల్లవారేసరికి తగ్గిపోతుంది. దీనిని 1958లో అమెరికాలో ఆరన్ లెర్నర్ అనే డాక్టరు కనిపెట్టాడు. ఆయన చర్మవైద్యుడు. బొల్లి మచ్చలకు మందు దొరుకుతుందేమోనని వేలాది పశువుల పీనియల్ గ్రంథులను అరగదీసి చూశాడు. వెదికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. చాలామంది మెలటోనిన్‌ను నిద్రమాత్ర అనుకుంటారు. అది నిద్రమాత్ర కాదు. అది అజాన్ వంటిది. వేళయిందని చెబుతుంది, లేవటం పడుకోవటం మన పని. ఈ భేదం గుర్తుంచుకుంటే తరువాత చెప్పేది తేలికగా అర్థమవుతుంది.

ఈ మెలటోనిన్‌కూ వణుకుడు జబ్బుకూ ఉన్న సంబంధం మీద పని ఎక్కడో అమెరికాలోనే జరిగిందనుకోకండి. మన ఊరిలో కూడా జరిగింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం తెలుసు గదా, 1974లో ఏర్పడింది, మొదట్లో అబిడ్స్ దగ్గర సరోజినీ నాయుడు గారి ఇల్లయిన గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచి, తరువాత గచ్చిబౌలికి పోయింది. అక్కడ ప్రొఫెసర్ అనితా జగోటా గారి ప్రయోగశాల ఈ ఒంటి గడియారాల మీదే ఏళ్ళ తరబడి పనిచేసింది. ఉషోదయ మట్టం గారితో కలిసి ఆమె చేసిన ఒక ప్రయోగం 2015లో అచ్చయింది. ఎలుకలకు రోటెనోన్ ఇచ్చారు. రోటెనోన్ అనేది కొన్ని మొక్కల వేళ్ళ నుండి తీసే పురుగుమందు. చేపలను చంపటానికి కూడా వాడేవారు. అది కణాలలోని శక్తిని తయారుచేసే యంత్రాన్ని అడ్డుకుంటుంది. ఎలుకలకు ఇస్తే పార్కిన్సన్స్ వంటి జబ్బు వస్తుందని 2000లోనే అమెరికాలో చూపారు. మన హైదరాబాదు వారు చూసినది ఏమిటంటే, ఆ ఎలుకల మెదడులోని పెద్ద గడియారం ఏమైందని. గడియారపు జన్యువులు రోజులో ఏ వేళకు ఎంత పనిచేయాలో ఆ లయ దెబ్బతిన్నది. మెలటోనిన్ తయారీకి ముడిసరుకైన సెరటోనిన్ లయ కూడా చెడింది. అప్పుడు చీకటిపడే వేళకు ముందు మెలటోనిన్ ఇచ్చి చూశారు. కొన్ని లయలు తిరిగి దారికి వచ్చాయి, కొన్ని పూర్తిగా రాలేదు. ఉన్నదున్నట్టు అలా రాశారు. మాకు ఆ పనిలో నచ్చినది అదే.

ఎలుక మనిషి కాదు. ఎలుక రాత్రి తిరిగి పగలు పడుకునే జీవి, మనము పగలు తిరిగేవాళ్ళము. కనుక మనుషులలో ఏం తేలిందో కూడా చెప్పాలి. 2014లో షికాగో వైద్యులు 20 మంది రోగులకు ఒక పగలూ రాత్రీ పదేపదే రక్తం తీసి చూశారు. వారిలో మెలటోనిన్ హెచ్చుతగ్గులు ఆరోగ్యవంతులకంటే చదునుగా ఉన్నాయి. పగటినిద్ర ఎక్కువగా ఉన్న రోగులలో మరీ చదును. రాత్రికీ పగటికీ భేదం చెరిగిపోయిందన్న మాట. అదే ఏడాది ఇంగ్లండులో కేంబ్రిడ్జి వారు జబ్బు మొదటి దశలో ఉన్న 30 మందిని చూసి, మెలటోనిన్ అప్పటికే తగ్గిపోయి ఉన్నదని చెప్పారు. కాబట్టి సోదరులారా, ఆ మూల కుర్చీలో కునికే పెద్దాయనకు పగలు పగలులా లేదు, రాత్రి రాత్రిలా లేదు. అజాన్ వినిపించని ఇంట్లో ఉన్నట్టు ఆయన ఒళ్ళు ఉంది.

అట్లయితే మెలటోనిన్ మాత్ర వేస్తే సరిపోతుంది గదా అని ఎవరికైనా తోస్తుంది. చాలామంది వేసే చూశారు. 2005లో అమెరికాలో 40 మంది మీద చేసిన పరీక్షలో నిద్ర పెరిగింది కొద్ది నిమిషాలే. 2007లో 18 మందికి 3 మిల్లీగ్రాములు ఇస్తే "నిద్ర బాగుంది" అని రోగులు చెప్పారు, యంత్రాల మీద కొలిస్తే తేడా కనబడలేదు. 2020లో నెమ్మదిగా కరిగే 2 మిల్లీగ్రాముల మాత్రతో కూడా రోగుల మాటలో నిద్ర మెరుగైంది. మొత్తానికి మెలటోనిన్ వలన కొందరికి కొంత సుఖం. కాని అది వణుకును తగ్గించదు, చచ్చిన కణాలను బ్రతికించదు. మందుల షాపులోనూ, ఫోనులో ఆర్డరిస్తే ఇంటికీ వచ్చే ఈ మాత్రలు, జిగురు మిఠాయిలు వణుకుడు జబ్బును నయం చేస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. రక్తం పల్చబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా అసలు ముట్టరాదు. వేళ కూడా ముఖ్యం. వేళ తప్పి ఇచ్చిన అజాన్ వలన మేలు కంటే గందరగోళమే ఎక్కువ గదా.

వెలుగు మీద చేసిన పరీక్ష మాకు ఇంకా ఆశ కలిగించింది. 2017లో అచ్చయింది. 31 మంది రోగులను రోజుకు రెండుసార్లు, ఒక్కో గంట చొప్పున, 14 రోజులు దీపం ముందు కూర్చోబెట్టారు. కొందరికి 10 వేల లక్సుల ప్రకాశమైన దీపం, మిగతావారికి మసక దీపం. ప్రకాశమైన దీపం ముందు కూర్చున్నవారికి పగటి మత్తు తగ్గింది, నిద్ర మెరుగైంది. ఆ దీపాలు ఖరీదు. మనకు ఆ ఖర్చు అక్కరలేదు. ఇందిరాపార్కు ఇక్కడికి ఎంత దూరం? ఉదయాన నడిచేవారితో నిండి ఉంటుంది. మన పెద్దలను కూడా చేయిపట్టి తీసుకుపోండి. నడవలేనివారిని డాబా మీదనో, గుమ్మం ముందు అరుగు మీదనో కూర్చోబెట్టండి. మన ఆడవారిని గూర్చి ఇక్కడ ఒక మాట. అమ్మీ జాన్‌కు జబ్బు వస్తే ఆమెను లోపలి గదిలోనే ఉంచుతాము, బయటికి తీసుకుపోయేవారుండరు. ఆమె గడియారానికి కూడా వెలుగు కావాలి. మిద్దె మీద పర్దా కట్టి కుర్చీ వేయటం కష్టమైన పని కాదు.

రాత్రి వెలుగు సంగతి వేరు. మన పేట రాత్రి పడుకోని పేట. ఆర్టీసీ క్రాస్ రోడ్డు సినిమాహాళ్ళలో సెకండ్ షో వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అశోక్‌నగర్ గదులలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు దీపాలు ఆర్పరు, చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర చాయ్ బండ్లు వాళ్ళ మీదే బ్రతుకుతాయి. వాళ్ళ వయసు వేరు, వాళ్ళు తట్టుకుంటారు, వాళ్ళకు కూడా మంచిది కాదనుకోండి. కాని వీధి దీపం నేరుగా ముసలాయన మంచం మీద పడుతుంటే ఒక మందపాటి తెర కట్టండి. టీవీ ఆయన గదిలో వద్దు. స్నానాలగదికి పోయే దారిలో మాత్రం నేలకు దగ్గరగా చిన్న ఎర్రని దీపం ఉంచండి. ఈ జబ్బులో లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి తూలిపడేవారు ఎక్కువ. తహజ్జుద్‌కు లేచేవారు వజూ చేసేముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవాలి.

రాత్రులలో ఇంకొక రకముంది. అది గడియారం సంగతి కాదు గాని చెప్పకపోతే తప్పవుతుంది. మేమెరిగిన ఒక దర్జీ ఆయన నిద్రలో అరిచేవాడు, తన్నేవాడు, కలలో ఎవరితోనో పోట్లాడేవాడు. పక్కనున్న భార్యకు ఒకసారి కన్ను వాచింది. పగలు చూస్తే చీమకు కూడా హాని చేయని మనిషి. ఇంట్లోవాళ్ళు ఆసేబ్ అనుకున్నారు. తావీజులు కట్టించారు, ఊదీ పట్టించారు, సంవత్సరాలు గడిచాయి. తరువాత కుడిచేతి బొటనవేలు వణకటం మొదలైంది, సూదిలో దారం ఎక్కించలేకపోయాడు. కలలు కనే నిద్రలో మామూలుగా మన ఒళ్ళు కదలకుండా మెదడు కట్టివేస్తుంది. ఆ కట్టు తెగితే మనిషి కలను ఒంటితో ఆడేస్తాడు. 1986లో దీనిని ఒక జబ్బుగా గుర్తించారు. పెద్ద వయసులో ఇది వచ్చినవారిలో ఎక్కువమందికి కొన్నేళ్ళ తరువాత పార్కిన్సన్స్ గాని దాని చుట్టం వంటి జబ్బు గాని వస్తున్నదని తేలింది. దువా చేయవద్దని మేము అనము. దువాతోబాటు నరాల డాక్టరును కూడా చూడండి. ఈ కలల జబ్బుకు కూడా డాక్టర్లు మెలటోనిన్ ఇస్తారు. పార్కిన్సన్స్ రోగులలో 2020లో జరిగిన ఒక పరీక్షలో మాత్రం గుణం కనబడలేదు. పక్కన దిండ్లు పేర్చటం, మంచం ఎత్తు తగ్గించటం, గాజు వస్తువులు దూరం పెట్టటం, ఇవి ఖర్చులేని మందులు.

ఇప్పుడు మన ఇండ్లకు అన్నిటికంటే దగ్గరి విషయానికి వస్తున్నాము. రంజాను.

రంజానులో మన వేళలన్నీ తిరగబడతాయి. తరావీహ్ ముగిసి ఇల్లు చేరేసరికి పది దాటుతుంది, తరువాత బజారు, సహర్‌కు నాలుగింటికి మేలుకోవాలి. ఆ నెలలో మా తరగతిలో మొదటి పీరియడులో పిల్లలు బల్లల మీద వాలిపోతారు, మేము చూసీ చూడనట్టు ఉంటాము. 2001లో అచ్చయిన ఒక పరిశీలనలో, ఉపవాసమున్న పదిమంది ఆరోగ్యవంతులైన యువకులలోనే రాత్రి మెలటోనిన్ హెచ్చుస్థాయి తగ్గినట్టు కనుగొన్నారు. పడుచువాళ్ళు ఈదుకు వారం లోపల సర్దుకుంటారు. అసలే చదునైపోయిన లయతో ఉన్న రోగి మాట వేరు. దీనికి తోడు మందు. లెవోడోపా రక్తంలో ఎక్కువసేపు నిలవదు, గంట, గంటన్నరకు సగమైపోతుంది. అందుకే రోజుకు మూడు నాలుగు మాట్లు, కొందరు ఇంకా ఎక్కువ మాట్లు వేసుకుంటారు. మన ఊరిలో రోజా 12 గంటలకు పైగా, ఎండాకాలంలో 14 గంటలకు పైగా ఉంటుంది. సహర్‌లో వేసిన మాత్ర మధ్యాహ్నానికి ఉండదు. మనిషి బిగుసుకుపోతాడు. మింగలేడు, నడవలేడు, పడిపోతాడు. హఠాత్తుగా మందు మానివేస్తే జ్వరం పేలిపోయి, ఒళ్ళు కొయ్యబారి, ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం కూడా ఉంది. అరుదే గాని ఉంది.

మన దీన్ రోగికి రోజా నుండి వెసులుబాటు ఇచ్చింది. బాగయ్యాక ఖజా పెట్టవచ్చు, బాగయ్యే ఆశలేని జబ్బైతే ఫిద్యా ఉంది, ఒక బీదవానికి అన్నం పెట్టటం. ఇది మీకు మేము చెప్పనవసరం లేదు, ఇక్కడున్న మౌల్వీ సాహెబులు మాకంటే బాగా చెబుతారు. మా బాధ ఏమిటంటే, వెసులుబాటు ఉన్నదని తెలిసినవారు కూడా దాన్ని తీసుకోవటానికి సిగ్గుపడతారు. 50 ఏళ్ళుగా ఒక్క రోజా వదలని మనిషి, ఇంటిల్లిపాదీ ఉపవాసముంటే తానొక్కడే మాత్ర వేసుకుని నీళ్ళు తాగటం అవమానమనుకుంటాడు. డాక్టరుకు చెప్పకుండా మానేస్తాడు. ఆయనకు మాటతో నచ్చచెప్పలేము. ఇంట్లో చిన్నవాడెవడైనా తాను రోజా ఉండి కూడా ఆయన పక్కన కూర్చుని, గ్లాసు తన చేత్తో పట్టి ఇస్తే ఆ సిగ్గు కొంత తగ్గుతుంది. జబ్బు తొలి దశలో ఉన్నవారు, రోజా ఉండి తీరాలనుకునేవారు, షాబాన్ నెలలోనే డాక్టరును చూడాలి. మాత్ర రకం మార్చటమో, వేళలు మార్చటమో వారు చూస్తారు. కొందరికి కుదురుతుంది, కొందరికి కుదరదని చెబుతారు. చెబితే వినాలి. మన పేటకు దగ్గరలోనే ముషీరాబాదులో గాంధీ ఆసుపత్రి ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది, రెండుచోట్లా నరాల విభాగాలున్నాయి.

హలీమ్ మాట చెప్పకపోతే హైదరాబాదీలు ఒప్పుకోరు. మాంసంలోని ప్రోటీను అరిగి విడిపోయే ముక్కలూ, లెవోడోపా కూడా పేగు నుండి రక్తంలోకి, రక్తం నుండి మెదడులోకి ఒకే ద్వారం గుండా పోవాలి. ద్వారం దగ్గర తోపులాట జరిగితే మందు వెనుకబడుతుంది. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్ళతో మాత్ర వేసుకుని, మగ్రిబ్ చదివి, అరగంట ముప్పావుగంట ఆగి హలీమ్ తినండి. మాత్రా హలీమూ ఒకేసారి పోతే ఆ సాయంత్రం చేయి ఎక్కువ వణికితే మందును తిట్టకండి. మామూలు రోజులలో కూడా ఇదే లెక్క. మాంసం, గుడ్లు, పప్పు మాత్రకు కొంచెం ఎడంగా ఉంచాలి. మానవద్దు, ఎడంగా పెట్టండి. అసలే బరువు తగ్గే జబ్బు ఇది.

పగటినిద్ర అంతా గడియారం వలననే అని కూడా అనుకోరాదు. ఈ జబ్బుకు ఇచ్చే మందులలో కొన్ని హఠాత్తుగా నిద్ర తెప్పిస్తాయి. స్కూటరు నడిపేవారు ఇది డాక్టరుకు చెప్పాలి. రాత్రి మేలుకోవటానికి కూడా కారణాలు చాలా: మూత్రానికి లేవటం, మంచం మీద పక్కకు తిరగలేకపోవటం, కాళ్ళ పీకుళ్ళు, దిగులు. ఏది ఎంత అన్నది డాక్టరు తేల్చాలి. రాత్రి కలవరింతలకు, లేని మనుషులు కనిపించటానికి, తెలిసీ తెలియనివారు హాలోపెరిడాల్ వంటి మందు ఇప్పిస్తారు. అది డోపమిన్‌ను అడ్డుకునే మందు, ఉన్న జబ్బు ఇంకా ముదురుతుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా సరే, "మా అబ్బాకు పార్కిన్సన్స్ ఉంది" అని ముందే చెప్పండి.

డాక్టరు దగ్గర మనకు దొరికేది కొద్ది నిమిషాలు. "రాత్రి నిద్ర లేదు" అంటే ఆయనకు ఏమీ తెలియదు. పిల్లల పాత నోటుబుక్కు తీసి ఒక వారం రాయండి. ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, పగలు ఎప్పుడు కునికాడు, మాత్ర ఏ వేళకు వేశారు, తిన్నది ఎప్పుడు, చేయి ఎప్పుడు వదులైంది, ఎప్పుడు బిగిసింది, ఎండలో ఎంతసేపున్నాడు. ఐదు పూటల నమాజు పేర్లతో గళ్ళు గీసుకుంటే మన ఇండ్లలో ఎవరైనా నింపగలరు. చదువురాని దాదీ కూడా "అసర్ తరువాత" అని చెప్పగలదు. జొహర్ తరువాత ఖైలూలా మన అలవాటే, దానిని ఆపవద్దు. అరగంటలో లేపండి. అసర్ దాటాక పడుకోనివ్వకండి, తస్బీహ్ చేతికిచ్చి బయట కూర్చోబెట్టండి.

సభలో ప్రశ్నలడగమంటే వెనుక వరుసలోని ఒక అక్కయ్య చీటీ పంపారు. "ఆయన రాత్రి రెండింటికే లేచి ఫజర్ అయిందంటారు, వజూకు నీళ్ళు పెట్టమంటారు, కాలేదంటే నేను అబద్ధం చెబుతున్నానంటారు. ఏం చేయాలి?" అని. అక్కయ్యా, వాదించవద్దు. ఆయన ఒంటిలోని గడియారం నిజంగానే ఫజర్ అని చెబుతున్నది, ఆయన అబద్ధమాడటం లేదు, మీరూ ఆడటం లేదు. పెద్ద దీపం వేయకండి, వేస్తే నిజంగానే తెల్లవారిందని మెదడు నమ్ముతుంది. ఎదురుగా పెద్ద అంకెల గోడగడియారం ఉంచండి, కిటికీ తెర కొంచెం తొలగించి బయటి చీకటి చూపండి. నీళ్ళు తాగించి, మూత్రానికి తీసుకుపోయి, "అజాన్ వినగానే లేపుతాను" అని చెప్పి పడుకోబెట్టండి. వినకపోతే రెండు రకాతులు నఫిల్ కుర్చీలో కూర్చుని చదువుకోనివ్వండి, మీరు పక్కనుండండి. ఇంత తొందరగా మేలుకునేవారికి ఉదయపు ఎండ కంటే సాయంకాలపు వెలుగు ఎక్కువ ఉపయోగపడవచ్చు. అసర్ నుండి మగ్రిబ్ దాకా బయట కూర్చోబెట్టి చూడండి, ఇషా కాకముందే పడుకుంటూ ఉంటే కొంచెం ఆపండి. రెండు వారాలు ఇలా చేసి, ఆ నోటుబుక్కు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేనాడు మీతో తోడు కావలసి వస్తే సంఘం కార్యాలయంలో చెప్పండి, మన కుర్రవాళ్ళు ఆటో పిలుచుకుని వస్తారు.